పైనా, లోపలా?

గది వేడిగానే ఉంది, నా చేతులే చల్లన.
కొళాయి తిప్పితే నేల కడుపులోంచి వేడినీళ్లు,
కొంచెం గంధకం వాసన.
వేళ్లు ఎర్రబడేదాకా ఉంచి, తుడుచుకుని
"ఇప్పుడు రా, స్టెయ్నున్" అన్నాను.

మధ్యాహ్నం మూడు. హూసావీక్ రేవులో అప్పుడే దీపాలు.
చేపల ఫ్యాక్టరీ కోటు విప్పుతూ
ముందు ఎడమ చెయ్యి లాక్కుని,
తర్వాత కుడి చేతి మీంచి దాన్ని జార్చింది,
నిద్రపోయిన పిల్ల మీంచి దుప్పటి తీసినట్టు.
సగం పరీక్ష అక్కడే అయిపోయింది.

ఏ భుజం అని అడగలేదు.
"హ్యాండ్‌బాల్ ఎలా సాగుతోంది?" అన్నాను.
ఈ ఊళ్లో గుమ్మడికాయలు పండవు, అయినా
దొంగెవరంటే తడుముకున్నట్టు
ఆమె ఎడమ చెయ్యి కుడి భుజం మీదికి పోయింది.

మంచి చేత్తోనే మొదలుపెట్టాలి.
బాగున్నది ఎలా ఉంటుందో తెలిస్తేనే
బాగోలేనిది ఎంత దూరం పోయిందో తెలిసేది.
ఎడమ చెయ్యి నీళ్లలో తెడ్డులా తిరిగింది.

ఇప్పుడు కుడి.
ముందుకు చాచు. కాస్త లోపలికి. బొటనవేలు నేలకేసి.
నేను పైనుంచి నొక్కుతాను, నువ్వు ఆపు.
ఆపింది. పళ్ల మధ్య గాలి పీల్చుకుంది.
అరచెయ్యి పైకి తిప్పించి
అంతే బలంతో నొక్కాను. ఈసారి ఏమీ లేదు.
"ఇందాకటి నొప్పి ఎక్కడ? పైనా, లోపలా?"
పైన అంటే వేరే కీలు, వేరే కథ.
చాలాసేపు ఆలోచించింది,
ఇంట్లోంచి ఎవరో పిలిస్తే ఏ గదో పోల్చుకుంటున్నట్టు.
"లోపల."

భుజం గిన్నె చుట్టూ మెత్తటి అంచు ఒకటుంటుంది.
లాటిన్‌లో దాని పేరు పెదవి.
సాసర్‌లో నిలబెట్టిన బంతిని
జారిపోకుండా పట్టుకునేది అదే.
చిరిగాక ఆ పెదవి మాట్లాడదు,
క్లిక్కుమంటుంది.

చెయ్యి తల పక్కకెత్తి, మోచేతి నుంచి ఒత్తుతూ తిప్పాను.
తుప్పు తాళంలో వేరే ఇంటి తాళంచెవి.
ఇద్దరం విన్నాం. విననట్టు గోడ మీది క్యాలెండర్ చూశాం.
ఆదివారం గడిలో ఏమీ రాసి లేదు.
రాయక్కర్లేదు, ఊరంతటికీ తెలుసు.

పడుకో.
మోచెయ్యి మడిచి, పక్కకి, మెల్లగా వెనక్కి,
బంతి విసరబోయే చోటికి.
ఈ పరీక్షలో నేను భుజాన్ని చూడను,
ముఖం చూస్తాను.
నొప్పి లెక్కలోకి రాదిక్కడ, భయం వస్తే చాలు.
పదకొండేళ్లుగా గోల్‌కీపర్లను భయపెట్టిన చెయ్యి
ఆ కోణం దగ్గరికొచ్చేసరికి
కనుబొమలు ముడిపడ్డాయి.
"వద్దు."

అప్పుడు అరచెయ్యి భుజం ముందు పెట్టి
ఎముకను వెనక్కి, దాని ఇంట్లోకి, ఒత్తాను.
అదే చెయ్యి, అదే కోణం, ఇంకాస్త దూరం కూడా.
ముఖం విడింది.
పుస్తకంలో దీన్నీ పాజిటివ్ అనే రాస్తారు.
ఇంత చిన్న ఆసరా చాలా మనిషికి, అని మాత్రం రాయరు.

తర్వాతి మెట్టొకటుంది, చెప్పకుండా ఆ చెయ్యి తీసేయడం.
దానికి ఆశ్చర్యం అని పేరు కూడా పెట్టారు.
చదువుకునే రోజుల్లో చేశాను. ఒక కుర్రాడు కేక పెట్టాడు.
ఇప్పుడు ముందు మోచేతిని దించి,
చెప్పి తీస్తాను.

"ఖాయమా?"
కాదు. ఇవన్నీ సాక్షులే.
ఒకటి అతిగా చెబుతుంది, ఒకటి మరిచిపోతుంది,
మూడూ ఒకే మాటంటే నమ్మబుద్ధేస్తుంది, అంతే.
స్కానింగ్ అకురేరిలో. మంచు తీసి దారి తెరిస్తే మంగళవారం.

కోటు తొడుక్కుంటూ, ఈసారి కుడి చెయ్యి ముందు,
"కోచ్ హాల్‌గ్రీముర్‌కి చెప్పకు" అంది.
పెదవి దాటితే పృథివి దాటుతుంది.
ఇక్కడ పృథివి దాకా ఎందుకు, బేకరీ దాటితే చాలు.
చెప్పనన్నాను.
ఆదివారం సంగతి ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు.

తలుపు దగ్గర భుజం తట్టబోయి
ఆగాను. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.
చూసింది.
"మళ్లీ చల్లబడ్డాయి కదూ" అంది.